మంగళవారం కాగితంలో సీసం

ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు ఎక్కడ కనిపించినా నన్ను ఒకటే అడుగుతారు. "అంకుల్, మీ సర్వీసులో మీరు పట్టుకున్న పెద్ద కేసు ఏది?" పట్టుకున్నవి లేకపోలేదు. చెబితే కోతలు కోస్తున్నాడనుకుంటారు. అలా అనుకోవడంలో సగం న్యాయం కూడా ఉంటుంది. అందుకని నాకు బుద్ధి వచ్చిన కేసు చెబుతాను. కూర్చోండి, చిన్నదే.

గాలిలో ఉన్న దుమ్మును కాగితం మీద పట్టడం నా పని. కాలుష్యం సంగతి చూసే సర్కారు ఆఫీసులో ఫీల్డు అసిస్టెంటును. చివరి నాలుగేళ్లూ మెదక్ పట్టణంలో, ఒక సర్కారు భవనం మేడ మీదున్న మిషన్ నా చేతి కింద నడిచింది. మనిషంత ఎత్తు రేకు డబ్బా, పైన చిన్న కప్పు, లోపల మోటారు. కప్పు కింద ఉన్న చట్రంలో తెల్ల కాగితం బిగిస్తే, మోటారు ఒక పగలూ ఒక రాత్రీ ఊరి గాలిని ఆ కాగితం గుండా లాగుతుంది. మర్నాటికి కాగితం బూడిద రంగుకు తిరుగుతుంది. దాన్ని జాగ్రత్తగా మడిచి, కవరులో పెట్టి, సిటీలో ఉన్న మా ల్యాబుకు పంపాలి. వారానికి రెండు కాగితాలు, మంగళవారం ఒకటి, శుక్రవారం ఒకటి.

దుమ్ము అంటే దుమ్మే కదా, దాన్ని పరీక్ష చేసేదేమిటి అని మొదట్లో నేనూ నవ్వుకున్నాను. ల్యాబులో మా కాగితాలు చూసే మేడం ఒకసారి ఫోనులో నా నవ్వు పోగొట్టింది. "మీ కాగితంలో పొటాషియం ఎక్కువైంది. అక్కడెక్కడైనా గడ్డి కాలుస్తున్నారా?" అంది. నేను మేడ మీద నిలబడి చూస్తే హవేలిఘనపూర్ వైపు వరికోతలు అయిపోయి, కొయ్యకాళ్లు కాలుతున్న పొగ నిజంగానే కనిపిస్తోంది. ఎనభై తొంభై కిలోమీటర్ల అవతల ఏసీ గదిలో కూర్చున్నావిడ మా ఊళ్లో గడ్డి కాలుతోందని చెప్పింది! అప్పటినుంచి ఆవిడంటే నాకు భయమూ భక్తీ రెండూ. కాల్షియం, సిలికాన్ పెరిగితే రోడ్డు మట్టి, సిమెంటు పనులు. నల్లటి మసి ఎక్కువైతే లారీలు, బస్సులు. ఏడుపాయల జాతర వారంలో బండ్ల పొగకు మా కాగితం అట్ల పెనంలా వచ్చేది. సల్ఫేటు, నైట్రేటు మాత్రం ఎవరి పొయ్యిలోంచీ నేరుగా దుమ్ముగా రావు, పొగల్లోని వాయువులు గాలిలోనే కలిసి తయారవుతాయి అని ఆవిడే చెప్పింది. ఇవన్నీ నేను టీకొట్టు దగ్గర నా సొంత తెలివిలా చెప్పేవాణ్ణి. కొన్నాళ్లకు ఊళ్లో నన్ను "గాలి సారు" అనడం మొదలుపెట్టారు. అది మర్యాదో ఎగతాళో నేను అడగలేదు.

మిషన్‌తో ఒకటే బాధ, మోటారు. మొదటి ఏడాదిలో మూడుసార్లు కాలింది. కాలినప్పుడల్లా ఆఫీసులో నాకు అక్షింతలు. చివరికి మా ఆవిడే ఉపాయం చెప్పింది. "గాలి వీల్చే మిషన్ అంటున్నవ్. గాలిదేవుని కొడుకు ఆంజనేయస్వామి ఉండంగ ఇంకెవలకు మొక్కుతవ్? మంగళారం మంగళారం ఇంత బొట్టు వెట్టరాదు?" పెట్టాను. నమ్మండి నమ్మకపోండి, ఆ తర్వాత మోటారు ఒక్కసారి కూడా కాలలేదు. దాంతో నాకు కొంచెం గర్వం కూడా వచ్చింది. జిల్లా అంచున ఉన్న రేగోడ్ దాకా వెళ్లి మిషన్లు నడిపినవాళ్లున్నారు, ఎవరిదీ నా మోటారంత గట్టిగా లేదు.

ఇక కేసు. ఒక చలికాలం మేడం ఫోను చేసింది. గొంతులో మామూలు చిరాకు లేదు, అందుకే భయమేసింది. "మీ దగ్గర నాలుగు కాగితాల్లో సీసం వచ్చింది. కొంచెం కాదు, బాగానే వచ్చింది." పెట్రోలులో సీసం కలపడం మానేశాక ఊరి గాలిలో అది అంతగా కనిపించకూడదు. పిల్లల మెదడుకు చేటు చేసే వస్తువది. మా సారు, అంటే ఆఫీసులో నా పై ఇంజినీరు, నాకంటే పాతికేళ్లు చిన్న, చురుకైనవాడు, వెంటనే కుర్చీలోంచి లేచాడు. "పెద్దాయనా, మిషన్ సుట్టుపక్కల ఎవడు సీసం గరగవెడ్తుండో సూడు."

చూడ్డానికి దూరం పోనక్కర్లేదు. మేడ మీది నుంచి కిందికి చూస్తే ఎదురుగానే బ్యాటరీ దుకాణం. దాన్ని నడిపే ఆయన్ను ఊరంతా ఉస్తాద్ అనేది. అరవై దగ్గర పడ్డ మనిషి, తెల్ల గడ్డం, చేతుల నిండా ఆసిడ్ పడ్డ మచ్చలు. ఆటోలవీ ట్రాక్టర్లవీ పాత బ్యాటరీలు విప్పి బాగుచేసేవాడు. వెనక వాకిట్లో చిన్న మూకుట్లో సీసం కరిగించి, బ్యాటరీకి వైరు తగిలించే టెర్మినళ్లు పోసేవాడు కూడా. నేను రోజూ ఆయన ముందు నుంచే మెట్లెక్కేవాణ్ణి, ఆయన రోజూ "సలాం గాలి సాబ్" అనేవాడు.

ఇక్కడ నా తెలివి వినండి. నేను రిజిస్టరు ముందేసుకుని నాలుగు కాగితాల తేదీలు చూశాను. నాలుగూ మంగళవారాలే! శుక్రవారం కాగితాలు కడిగిన ముత్యాలు. శుక్రవారం ఎందుకు లేదు? శుక్రవారం ఉస్తాద్ దుకాణం బంద్, జుమ్మా నమాజు. నేను అరచేత్తో టేబుల్ చరిచి మా సారుకు చెప్పాను. ఆయన నన్ను తేరిపార చూసి, "పెద్దాయనా, నువ్వు పోలీసుల ఉండవలసింది" అన్నాడు. ముప్పయ్యేళ్ల సర్వీసులో నాకు దొరికిన మొదటి మెచ్చుకోలు అది. ఆ రాత్రి మా ఆవిడకు రెండుసార్లు చెప్పాను.

వారం తిరక్కుండానే ఉస్తాద్‌కు నోటీసు పోయింది. మూడు వారాల్లో దుకాణం ఊరి బయటికి మార్చాలి, లేకపోతే సీలు. నోటీసు చేతికి ఇవ్వాల్సింది నేనే. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని చదివాడు.

"సాబ్, ఊరి బయటికి ఆటో డ్రైవర్ వస్తడా? బ్యాటరీ బందైన బండిని అంత దూరం ఎవడు నూక్కుంట వస్తడు? నా పని ఖతమే ఇగ."

"నేనేం జెయ్యాలె ఉస్తాద్? కాగితంల వచ్చింది."

"కాగితం అబద్ధం జెప్పదా?"

నాకు చర్రున కోపమొచ్చింది. నా కాగితాన్ని అంటాడా! "సైన్సు ఉస్తాద్ ఇది. నీ మూకుడు కాదు," అన్నాను. అన్నాక నాలుక కరుచుకున్నాను గానీ మాట దొర్లిపోయింది. ఆయన నోటీసు నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే ఆయన మేడ మెట్లెక్కి వచ్చాడు. కొట్లాటకు వచ్చాడనుకుని నేను చొక్కా చేతులు పైకి మడిచాను. ఆయన మిషన్ చుట్టూ ఒకసారి తిరిగి, మోటారు చప్పుడు విని, "మంచిగ నడుస్తుంది," అని మెచ్చుకుని, అప్పుడు అసలు మాట చెప్పాడు.

"సాబ్, మంగళారం నేను తెరుస్త, సీసం వస్తుంది. శుక్రారం బంద్ వెడ్త, రాదు. గింతే గద మీ హిసాబు? అయితే ఉల్టా జేద్దాం. ఈ రెండు వారాలు మంగళారం నేను తాళమేస్త. శుక్రారం నమాజు కాంగనే వచ్చి మూకుడు గూడ వెట్టిస్త, పొద్దుమూకిందాక కరిగిస్త. మీ కాయితం ఏమంటదో సూద్దాం. అప్పుడు గూడ నాదే తప్పైతే, అల్లా కసమ్, నేనే సామాన్లు ఎత్తుకపోత."

చదువుకున్నవాళ్లం ముగ్గురం ఉన్నాం ఆ కేసులో. ఒక్కరికీ ఆ ఆలోచన రాలేదు. నేను మాత్రం ఆయన తన గొయ్యి తానే తవ్వుకుంటున్నాడనుకుని, లోపల జాలిపడి, పైకి సరేనన్నాను. మా సారును అడిగితే, "గడువు ఎట్ల గూడ ఉంది గద, కానియ్యి," అన్నాడు.

రెండు మంగళవారాలు ఆ దుకాణానికి తాళం చూశాను. ఆటోవాళ్లు వచ్చి తిట్టుకుంటూ పోయారు. రెండు శుక్రవారాలు ఆయన మూకుడు పెట్టి, మేడ మీద ఉన్న నా వైపు చూసి చెయ్యి ఊపాడు. నాలుగు కాగితాలూ పంపించాను. గడువుకు ఇంక రెండు రోజులుందనగా మేడం ఫోను.

"మంగళవారాలు రెండిట్లో సీసం ఉంది. శుక్రవారాల్లో లెక్కపెట్టేంత లేదు."

నేను ఫోను చెవికి ఆనించుకునే ఎదురుగా ఉన్న దుకాణం వైపు చూశాను. తాళమేసిన దుకాణంలోంచి సీసం ఎట్లా వస్తుంది?

"ఇంకొకటి అడగాలి," అంది మేడం. "మీరు బ్లాంకు ఎట్లా తీస్తున్నారు?"

బ్లాంకు అంటే చెబుతాను. నెలకు ఒకసారి కొత్త కాగితాన్ని మేడ మీదికి తీసుకుపోయి, మామూలుగానే చట్రంలో బిగించి, మోటారు వేయకుండా తీసి ల్యాబుకు పంపాలి. గాలి లాగని కాగితంలో ఏమైనా కనిపిస్తే అది ఊరి గాలిది కాదు, మన చేతుల పుణ్యం. ఇంత మంచి పద్ధతి. మరి నేనేం చేసేవాణ్ణి? నాకు మోకాళ్ల నొప్పులు. కింద ఆఫీసులోనే ప్యాకెట్టులోంచి ఒక కొత్త కాగితం తీసి, మీద "బ్లాంకు" అని రాసి, కవరులో పెట్టేవాణ్ణి. మెదక్ వచ్చినప్పటినుంచీ అదే. నా బ్లాంకులు మల్లెపూలలా ఉంటాయని మేడం ఒకసారి మెచ్చుకుంది కూడా.

"రూలు ప్రకారమే మేడం," అన్నాను.

ఆవిడ ఆ మాట పట్టించుకోలేదు. "రేపు మంగళవారం. నేను వస్తున్నాను. మీరు రోజూ ఎట్లా చేస్తారో అట్లాగే చేయండి. ఏమీ మార్చొద్దు."

మంగళవారం పొద్దున మేడ మీద మేము నలుగురం. మేడం, మా సారు, నేను, పిలవకపోయినా వచ్చిన ఉస్తాద్. అది నా కేసు, నేను చూడొద్దా అన్నాడు. మా సారు వెళ్లగొట్టబోతే మేడం ఉండనివ్వమంది. "ముందు బ్లాంకు తీయండి," అంది నాతో. నేను కాగితం తీశాను. అలవాటైన పని, చేతులే చేసుకుపోయాయి. పాత గుడ్డతో చట్రం తుడిచాను. కాగితం పరిచాను. పైచట్రం ఎక్కించాను. జేబులోంచి చిన్న డబ్బా తీసి, బొటనవేలు అద్ది, చట్రం నెత్తిన నిలువుగా నామం పెట్టి, కళ్లు మూసుకుని దండం పెట్టి, అదే చేత్తో నాలుగు మరలూ బిగించాను.

కళ్లు తెరిచేసరికి ముగ్గురూ నా బొటనవేలు వైపే చూస్తున్నారు.

"అదేమిటండీ?" అంది మేడం మెల్లగా.

"సింధూరం మేడం. మంగళవారం కదా."

"మంగళవారమే పెడతారా?"

"అవును మేడం. శుక్రవారం తుడిచేస్తాను." ఈ మాట నా నోట్లోంచి సగం వచ్చాక, మిగతా సగం నా మీదికే వస్తోందని నాకు అర్థమైంది.

మేడం తానే మరలు విప్పి కాగితం పైకెత్తింది. మోటారు తిరగలేదు, గాలి లాగలేదు. తెల్లటి కాగితం మీద, అంచున, సన్నగా నారింజ రంగు చుక్కలు. మరలు బిగిస్తుంటే చట్రం అదిరి రాలినవి, నా వేలికి అంటుకుని రాలినవి. మిగతా మంగళవారాల్లో ఊరి మసి వాటిని కప్పేసేది, ఎవరికీ కనిపించేవి కావు. నా బ్లాంకుల్లోనా, అవి మేడ మొహమే చూడలేదాయె.

మా సారు దగ్గాడు. ఉస్తాద్ నా చేతిలోంచి డబ్బా తీసుకున్నాడు. అరచేతిలో పెట్టుకుని పైకీ కిందికీ ఊపి బరువు చూశాడు.

"సాబ్, కుంకుమ గింత బరువుంటదా? గిది సీసం సింధూరం. బ్యాటరీ ప్లేట్లకు పూసేది గిదే రంగు, గిదే బరువు. నా ఉమ్ర్ మొత్తం దీంతోనే పాయె, నాకెరికలేదా?"

దేవుడి తప్పేం లేదు. పాతది అయిపోతే, దుకాణంలో చవగ్గా దొరికిందని ఆ చలికాలమే నేను కొన్న డబ్బా అది. మరునాడు ల్యాబులో పరీక్ష చేస్తే ఉస్తాద్ చేతి తూకమే నిజమైంది. కానీ ఆ నిమిషంలో నాకు పరీక్షలేమీ అక్కర్లేదు. భూమి చీలితే బాగుండుననిపించింది. మేడ మీద ఉన్నాను కాబట్టి ఆ సౌకర్యం కూడా లేదు.

అప్పుడొక విచిత్రం జరిగింది. మొదట నవ్వింది మేడం. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఆపుకోలేక, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. "రెండు నెలలుగా నేను మీ ఊరి మ్యాపు ముందేసుకుని నిద్రపోలేదండీ!" అంది. ఆవిణ్ణి చూసి ఉస్తాద్, ఉస్తాద్‌ను చూసి మా సారు. నేను మాత్రం నవ్వలేదు. నాకు ఆ నోటీసు గుర్తొచ్చింది, ఆయన దాన్ని నాలుగు మడతలు పెట్టిన తీరు గుర్తొచ్చింది.

కిందికి దిగాక మా సారు నన్ను పక్కకు పిలిచాడు. పాపం, మంచివాడే. "పెద్దాయనా, ఇంక ఎనిమిది నెలలైతే రిటైరైతవ్. మిషన్‌ల లోపం ఉండె అని రాస్త. నోటీసు వాపస్ తీసుకుంటం. నీ పేరు ఎక్కడ రాదు."

ఆశపడలేదంటే అబద్ధం. పెన్షను కాగితాలు అప్పుడే కదులుతున్నాయి. కానీ మిషన్‌ లోపమని రాస్తే ఉస్తాద్ మీద మచ్చ పోతుందా? మిషన్ బాగైతే మళ్లీ చూద్దామనుకుంటారు. ఊరు అట్లాగే అనుకుంటుంది, ఊరి సంగతి నాకు తెలుసు. నేను కాగితం అడిగి తీసుకుని, అక్కడే బెంచీ మీద కూర్చుని రాశాను. సింధూరం సంగతి రాశాను. బ్లాంకుల సంగతి రాయడానికి మాత్రం పెన్ను చాలాసేపు గాలిలోనే ఆగింది. మొదటిది తెలియక చేసింది. రెండోది తెలిసి చేసింది. మేడం ఎదురుగా నిలబడి ఉంది, తొందరపెట్టలేదు. రాశాను. ఆవిడ చదివి, "థాంక్స్ అండీ," అంది. అంతే. నాకు మెమో వచ్చింది, ఒక ఇంక్రిమెంటు ఆగింది, పాత కాగితాలన్నీ పక్కన పడేశారు. పిల్లలూ, మోకాళ్ల నొప్పి ఉంటే చెప్పండి, ఎవరో ఒకరు మెట్లెక్కుతారు. బ్లాంకు మాత్రం వండి పంపకండి.

నోటీసు రద్దు చేసిన ఉత్తరం ఆ తర్వాతి మంగళవారం సాయంత్రం చేతికొచ్చింది. నేనే తీసుకెళ్లాను. ఉస్తాద్ చదివి, పక్కనున్న బ్యాటరీ మీద పెట్టి, నాకు టీ తెప్పించాడు. నేను క్షమించమన్నాను. సైన్సు, మూకుడు అని అన్న మాటకు కూడా విడిగా క్షమించమన్నాను.

"ఛోడో సాబ్. నా దుకాణం ఉంది, మీ నౌకరి ఉంది. బస్, ఇంకేం గావాలె?" అన్నాడు నవ్వుతూ. తర్వాత టీ గ్లాసు కింద పెట్టాడు. మొహంలో నవ్వు తగ్గింది. "ఒక మాట అడుగుత, ఏమనుకోకుండ్రి. నేను ముప్పయ్యేండ్ల సంది ఇంటికి వోంగనే ఈ బట్టలు బయటనే ఇడుస్త. చేతులు సబ్బువెట్టి కడిగినంకనే పోరగాండ్లను ఎత్తుకుంట. సీసం మంచిది గాదని నాకు పని నేర్పిన ఉస్తాద్ జెప్పిండు. మీరు ఆ సింధూరం మిషన్‌కే పెట్టిండ్రా, ఇంట్ల గూడ ఎవలకన్న పెడ్తరా?"

నేను టీ గ్లాసు బ్యాటరీ మీద పెట్టేశాను. మా బిడ్డ ఉద్యోగానికి పోతే మనవరాలు పగలంతా మా దగ్గరే ఉండేది. మూడేళ్ల పిల్ల. ప్రతి మంగళవారం మిషన్‌కంటే ముందు బొట్టు పెట్టేది దానికే. మిషన్‌కు పెట్టడం మానేశాను, దాంతోపాటే కొన్న ఇంకో డబ్బా మా ఆవిడ దేవుడి గూట్లో ఉందన్న ధ్యాసే లేదు. ఊరి గాలిలో సీసం ఉందని నెల రోజులు మనుషుల్ని నిలదీసిన వాణ్ణి, వారం రోజులుగా ఇల్లు ఒక్కసారి తడిమి చూసుకోలేదు.

ఆయన నా మొహం చూసి లేచాడు. స్కూటరు తీశాడు. "కూసోండ్రి."

పిల్లకు రక్తపరీక్ష తర్వాత చేయించాం, భయపడాల్సింది లేదని దవాఖానాలో చెప్పారు. మా ఆవిడ డబ్బా దూరంగా పారేసి, పసుపుతో ఇంట్లోనే కుంకుమ చేసుకోవడం నేర్చుకుంది. అదంతా తర్వాతి మాట. ఆ సాయంత్రం మేము గేటు తీసేసరికి పిల్ల నుదుటి మీద నారింజ బొట్టుతో ఎదురు పరుగెత్తుకొచ్చింది, ఎత్తుకోమని రెండు చేతులూ చాపింది. నేను వంగబోయాను. ఉస్తాద్ నా భుజం పట్టి ఆపాడు.

"ముందు చేతులు, సాబ్."

వాకిట్లో నల్లా దగ్గర ఆయనే చెంబుతో నీళ్లు పోశాడు. పిల్ల నడుము మీద చేతులు పెట్టుకుని, ఈ గడ్డం తాత ఎవరని అడిగింది. "బ్యాటరీ తాతను, బేటా. మీ తాతకు చేతులు కడుగుడు నేర్పుతున్న," అన్నాడాయన. మూడుసార్లు సబ్బు పెట్టించాడు. నాలుగోసారి నేనే పెట్టుకున్నాను.